కొండ వాలులో హెడ్డాఫీసు: భోగాపురం దగ్గరి 12 ఎకరాల గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. భోగాపురానికీ విజయనగరానికీ మధ్య కొండ వాలులో 12 ఎకరాలు తీసుకున్నారు. పైన కొండ, కింద ఊరి చెరువు, మధ్యలోంచి చిన్న గెడ్డ (వాగు), సగం జాగాలో పాత జీడితోట, దిగువ గట్టు మీద తాటిచెట్లు. 400 మందికి కంపెనీ హెడ్డాఫీసు కట్టాలి. అది ఆ జాగాలో ఎప్పట్నుంచో ఉన్నట్టు కనిపించాలి, కరెంటూ నీళ్ళూ తక్కువ వాడాలి. ఆర్కిటెక్టు నాలుగంతస్తుల అద్దాల భవనం గీసి, దాని ముందు మొక్కల గోడ పెట్టి చూపించారు. ఇది పనికొస్తుందా, లేకపోతే ఎక్కడ మొదలెట్టాలి?

పనికిరాదండి. నాలుగంతస్తులంటే పారాపెట్‌తో కలిపి 16 మీటర్లు. పాత జీడిచెట్టు 25, 30 అడుగులే ఉంటుంది కాబట్టి చెట్ల మీదనుంచి సగం భవనం పైకి కనబడుతుంది. మొక్కల గోడ ఇనప ఫ్రేములో, చిన్న కుండీల్లో, డ్రిప్పూ మోటారూ మీద బతుకుతుంది. మే నెలలో రెండు రోజులు మోటారు ఆగితే ఎండిపోతుంది. తుపాను వస్తే ఆ కుండీలే ఎగిరి అద్దాలకి తగులుతాయి. మీ జాగాలో ముందు తేల్చుకోవాల్సింది నీళ్ళ దారి. కొండ మీద పడ్డ వాన ఇవాళ చెరువుకి ఎలా చేరుతోందో, మీరు కట్టాక కూడా అలాగే చేరాలి. ఈ షరతు ముందు పెట్టుకుంటే భవనం ఎక్కడుండాలి, ఎంత పొడవు, ఎన్ని మెట్లు అన్న ప్రశ్నలు సగం వాటంతటవే తేలిపోతాయి.

జూలై నుంచి అక్టోబరు దాకా ఒక వర్షాకాలం ఆ స్థలాన్ని చూడగలిగితే అంతకంటే మంచి సర్వే లేదు. అంత వ్యవధి లేకపోతే నేల మీదున్న గుర్తులు చదవాలి. ఇసక మేట వేసిన చోట నీరు నెమ్మదించిందని అర్థం, గులకరాళ్ళు బయటపడ్డ చోట కోసుకుంటూ పారిందని అర్థం. ఎండాకాలంలో కూడా తుంగ, మొగలి పచ్చగా ఉన్నచోట అడుగున ఊట ఉంది. అక్కడ పునాది తీస్తే ఏడాది పొడుగునా నీళ్ళు తోడుతూ ఉండాలి. చెరువు మదుం (తూము) కింద ఎన్ని ఎకరాలు సాగవుతున్నాయో, గెడ్డ ఏ నెలదాకా పారుతుందో ఆయకట్టు రైతుల్ని కూర్చోబెట్టి అడగండి. మీరు గెడ్డని పైపులో పెట్టి పక్కకి తిప్పేస్తే చెరువు నిండదు, ఊరికీ మీకూ మధ్య మొదటి ఏడాదే మాట చెడుతుంది. నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకి మించిన చెరువుకి నిండు నీటిమట్టం నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. అది కనీసం మాత్రమే. ఇలాంటి వాలులో గెడ్డకి రెండు వైపులా 15 మీటర్లేసి వదిలేసి, అందులో ఉన్న పొదల్ని కదపకుండా ఉంచమంటాను.

తర్వాత లెవెల్స్. అరమీటరుకొక కాంటూరు గీత, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత, ఉండే మ్యాపు తీయించండి. డ్రోన్ సర్వే చవకని చెప్తారు. జీడితోట గుబురుగా ఉన్నచోట మామూలు డ్రోన్ ఫొటోలు ఆకుల పైభాగాన్ని కొలుస్తాయి, నేలని కాదు. అక్కడ రెండు మూడు మీటర్ల తేడా వచ్చేస్తుంది. తోటలో టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రంతోనే మనిషి నడవాలి. అదే మ్యాపు మీద నడుము లావు ఉన్న ప్రతి చెట్టుకీ నంబరు వేయించండి. తాటికి కాపు రావడానికే పన్నెండేళ్ళ పైన పడుతుంది. గట్టు మీదున్న ఆ వరస పోతే మీ కంపెనీ ఎంత డబ్బు పెట్టినా తిరిగి రాదు.

ఇప్పుడు భవనం. 400 మందికి కాంటీను, మీటింగు గదులు, సర్వరు గది కలుపుకుని 65,000 చదరపు అడుగులు సరిపోతుంది, అంటే సుమారు 6,000 చదరపు మీటర్లు. దీన్ని ఒకే ముద్దగా కాకుండా మూడు పొడవాటి భాగాలుగా విడదీయండి. ఒక్కోటి 15 మీటర్ల వెడల్పు, 67 మీటర్ల పొడవు, రెండంతస్తులు. మూడూ కలిపితే సరిగ్గా 6,030 చదరపు మీటర్లు. వెడల్పు 15 మీటర్లు దాటితే మధ్యలో కూర్చున్నవాళ్ళకి పగలు కూడా లైటు కావాలి. భాగానికీ భాగానికీ మధ్య 6 మీటర్ల ఖాళీ, మన మండువా లోగిలిలా వానా వెలుగూ లోపలికి దిగే చోటు. నేల 14 అడుగులకి ఒక అడుగు వాలుతోందనుకుంటే 21 మీటర్లకి మీటరున్నర పడుతుంది. కాబట్టి ఒక్కో భాగం పైదానికంటే మీటరున్నర కిందికి దిగుతుంది. ప్రతి భాగం తన నేల నుంచి తొమ్మిది మీటర్ల లోపే ఉంటుంది, అంటే జీడితోట ఎత్తు. పొడవు కాంటూరు గీత వెంబడే సాగాలి, దానికి అడ్డంగా కాదు. అడ్డంగా పెడితే ఒక చివర రెండు, రెండున్నర మీటర్లు తవ్వి, ఇంకో చివర అంతే నింపాలి. నింపిన మట్టి మీద ఆఫీసు కడితే రెండో వర్షాకాలానికి ఫ్లోరు కుంగుతుంది.

మీ కాంటూర్లు ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయనుకోండి, అప్పుడు పొడవైన ముఖం పడమటి ఎండకి వస్తుంది. ఇక్కడ చాలామంది ఆర్కిటెక్టులు దిక్కునే పట్టుకుని కొండని కోసేస్తారు. నా అభిప్రాయంలో ముందు కాంటూరే గెలవాలి. పడమటి ఎండకి వరండా, చెట్లు, కిటికీలు తగ్గించడం అనే మందులున్నాయి. కోసిన కొండకి మందు లేదు.

మెట్టుకీ మెట్టుకీ మధ్య గోడలు మీటరున్నర ఎత్తు దాటనివ్వకండి. సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా పేర్చిన రాతికట్టు అయితే అడుగు వెడల్పు ఎత్తులో సగానికి తగ్గకూడదు, ముఖం కొంచెం కొండవైపు వాలాలి. సిమెంటుతో కట్టేటట్టయితే ప్రతి మీటరున్నరకీ 100 మి.మీ. పైపు బయటికి వదిలి, గోడ వెనక ఒక అడుగు మందాన కంకర, దానికీ మట్టికీ మధ్య నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ వేయాలి. ఈ గుడ్డ దండగని కాంట్రాక్టరు ఎగ్గొడతాడు. రెండేళ్ళకి ఎర్రమట్టి కంకరలోకి దిగి పైపులు పూడిపోతాయి, గోడ వెనక నీరు నిలబడి ముందుకి తోస్తుంది. కూలిన రిటైనింగు గోడల్లో ఎక్కువ భాగం మట్టి బరువుకి కాదు, వెనక నిలిచిన నీటి బరువుకి కూలినవే. ఎర్రమట్టిని నీరు ఎంత లోతుగా కోయగలదో భీమిలి ఎర్రమట్టి దిబ్బల్లో ఒకసారి నడిస్తే కళ్ళకి కడుతుంది.

ఇక గాలి. మన తీరంలో దీన్ని అలంకారంగా చూడకూడదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. ఉద్దానంలో తిత్లీకి కొబ్బరీ జీడీ ఎలా నేలకొరిగాయో మీ ఆఫీసులో శ్రీకాకుళం వాళ్ళెవరైనా చెప్తారు. భవనాల మీద గాలి బలానికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం ఈ తీరానికి మూల గాలివేగం సెకనుకి 50 మీటర్లు. దాని వత్తిడి చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు భవనాలకి తుపాను గుణకం కూడా ఉంది: మామూలు భవనానికి 1, పారిశ్రామిక కట్టడానికి 1.15, తుపాను తర్వాత కూడా పనిచేసి తీరాల్సినదానికి 1.3. మీది మామూలు కింద వస్తుంది, అయినా 1.15 తీసుకోమని స్ట్రక్చరల్ ఇంజినీరుకి రాతపూర్వకంగా చెప్పండి. అప్పుడు వత్తిడి 200 కిలోలవుతుంది. కప్పు అంచుల్లో, మూలల్లో పైకి లాగే బలం అంతకి రెండు రెట్లు దాకా ఉంటుంది కాబట్టి ఏ రేకైనా ముందు మూలలోనే లేస్తుంది. మూలల్లో స్క్రూల దూరం మధ్యలో ఉన్నదానికి సగం ఉండాలి. ఇది డ్రాయింగులో లేకపోతే మేస్త్రీ అంతటా ఒకే దూరంలో కొట్టుకుంటూ పోతాడు.

ఎండకి వెడల్పాటి చూరు కావాలి, తుపానుకి అదే శత్రువు. గాలి చూరు పైనుంచి లాగుతుంది, కిందనుంచి తోస్తుంది. మన బెస్త పల్లెల్లో చుట్టిల్లు దీన్ని ఎలా తప్పించుకుందో చూడండి. గోడ గుండ్రం, గాలి చుట్టూ జారిపోతుంది. తాటాకు కప్పు దాదాపు నేలదాకా దిగుతుంది, గాలి కిందికి దూరే సందు లేదు. మీ ఆఫీసు గుండ్రంగా కట్టమని కాదు. ఆ సూత్రం మాత్రం తీసుకోండి. రెండు మీటర్ల వరండా కప్పుని ప్రధాన కప్పు రేకుకి పొడిగింపుగా వదలకుండా, విడిగా సిమెంటు స్లాబు పోసి స్తంభాల మీద కూర్చోబెట్టండి. రేకో పెంకో వాడేచోట చూరు ఒకటిన్నర అడుగు దాటొద్దు. తుపాను ముందు ఉత్తరం, ఈశాన్యం నుంచి కొడుతుంది. కన్ను మీదనుంచి దాటితే గాలి తిరిగి దక్షిణం, నైరుతి నుంచి వస్తుంది. ఒక్క వైపే షట్టర్లు పెడితే సగం పనే అయినట్టు.

ఎండ లెక్క కూడా ఇక్కడ కొంచెం వేరు. మనం ఉన్నది 18 డిగ్రీల అక్షాంశం దగ్గర. మే నడిమి నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరంగా ఉంటాడు. ఉత్తరం కిటికీకి నీడ అక్కర్లేదనే పుస్తకం మాట ఇక్కడ పూర్తిగా చెల్లదు. ఒక అడుగున్నర సజ్జా, పక్కన నిలువు రెక్కలు కావాలి. దక్షిణాన డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మీటరున్నర కిటికీని పూర్తిగా నీడలో ఉంచాలంటే 1.35 మీటర్ల సజ్జా కావాలి, మార్చి సెప్టెంబరు నెలల్లో అర మీటరు చాలు. వరండా ఉంటే ఈ గొడవే లేదు. గోడలో అద్దం వాటా 40 శాతం దాటకూడదని 2017 నాటి ఈసీబీసీ, అంటే భవనాల్లో కరెంటు పొదుపు నియమావళి, చెప్తుంది. మీరు 25, 30 శాతం దగ్గర ఆగండి. ఉత్తరం కాని ముఖాలకి అద్దం ఎస్‌హెచ్‌జీసీ విలువ, అంటే ఎండ వేడిలో లోపలికి వదిలే వాటా, 0.27 మించకూడదు. ఆ విలువ కోసం అద్దంలా మెరిసే గాజు అమ్మజూపుతారు, అది వద్దు. చెరువు మీదికి మేతకొచ్చే కొంగలు, గూడబాతులు అందులో ఆకాశం చూసి గుద్దుకుంటాయి. ఊరివాళ్ళ కళ్ళలోకి సాయంత్రం ఎండ కొడుతుంది. నీడలో ఉన్న మామూలు డబుల్ గ్లాస్ దూరం నుంచి నల్లగా, గుహలా కనిపిస్తుంది, కొండలో ఇట్టే కలుస్తుంది.

చల్లదనం విషయంలో హైదరాబాదు నమూనాలు ఇక్కడికి మోసుకురావద్దు. సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2004లో హైటెక్ సిటీ దగ్గర కట్టారు, కప్పు మీద గడ్డి, గాలిగోపురాలు ఉన్నాయి. ఆ గోపురాల్లో నీటితడితో గాలిని చల్లబరిచి ఏసీకి పంపుతారు. దక్కన్ పొడిగాలికి అది బాగా పనిచేస్తుంది. మన దగ్గర మే నెలలో కూడా తడిబల్బు ఉష్ణోగ్రత, అంటే నీటితడితో గాలిని దించగలిగే హద్దు, 27కి పైనే ఉంటుంది. నీళ్ళు చల్లితే చల్లదనం రాదు, ఉక్కపోత పెరుగుతుంది. అలాగే పోచారంలో ఇన్ఫోసిస్ 2011లో ఒక భవనాన్ని రెండు సమాన భాగాలుగా కట్టి, ఒకదానికి మామూలు ఏసీ, ఇంకోదానికి స్లాబులో చల్లనీళ్ళ పైపులు పెట్టింది. పైపుల భాగం సుమారు మూడో వంతు కరెంటు తక్కువ తీసుకుంది. గొప్ప పద్ధతే. కానీ ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా బయటి గాలి డ్యూ పాయింట్, అంటే అందులోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత, 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. 20 డిగ్రీల స్లాబు కింద ఎవరైనా కిటికీ తెరిస్తే సీలింగు నుంచి బొట్లు కారతాయి. కిటికీలు తెరుచుకునే ఆఫీసు కావాలా, చల్లటి స్లాబు కావాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

మీ స్థలానికి నేను కిటికీలు తెరుచుకునే ఆఫీసే చెప్తాను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కిటికీలూ ఫ్యాన్లూ చాలు. మిగతా నెలల్లో ఏసీ 26, 27 దగ్గర పెట్టి ప్రతి వరసకీ సీలింగు ఫ్యాన్లు తిప్పండి. ఒంటికి సెకనుకి మీటరు లోపు గాలి తగిలినా రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టే అనిపిస్తుంది. ముఖ్యమైంది తాజా గాలికి వేరే యంత్రం. మనిషికి నిమిషానికి 17 ఘనపుటడుగుల చొప్పున 400 మందికి 6,800 కావాలి. ఈ గాలిని ముందు తేమ తీసి లోపలికి పంపితే గది ఏసీల మీద బరువు తగ్గుతుంది, ఫైళ్ళకీ ప్లైవుడ్‌కీ బూజు పట్టదు. ఇది లేకుండా థర్మోస్టాట్‌ని 20కి దించి తేమ తగ్గించుకోవడం మన తీరం ఆఫీసుల్లో రోజూ జరిగే పొరపాటు. అద్దాల భవనానికి 150, 180 చదరపు అడుగులకి ఒక టన్ను ఏసీ లెక్కేస్తారు. నీడ సరిగ్గా ఇచ్చినదానికి 300 అడుగులకి ఒక టన్ను సరిపోతుంది. కాంట్రాక్టరు అలవాటుగా పాత లెక్కే వేసి యంత్రం పెద్దది పెడతాడు. పెద్ద యంత్రం వెంటవెంటనే ఆగిపోతూ తేమ తీయడమే మానేస్తుంది.

కప్పు దగ్గర మూడు కోరికలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి: గడ్డి, సోలారు, వాననీరు. కప్పంతా గడ్డి పరచమని అడిగేవాళ్ళే ఎక్కువ, ఫొటోలో బాగుంటుంది కాబట్టి. అన్నిటికంటే దిగువ భాగం కప్పుకి మాత్రమే, అంటే వెయ్యి చదరపు మీటర్లకి మాత్రమే గడ్డి వేయండి. ఊరివైపు నుంచి చూసేవాళ్ళకి అంచున కనిపించేది అదే. మిగతా రెండు వేల మీటర్లలో సోలారు, వాననీరు.

గడ్డికప్పు పొరలు కిందనుంచి పైకి ఇలా ఉండాలి. స్లాబు వాలు వంద అడుగులకి కనీసం అడుగున్నర. దాని మీద వాటర్‌ప్రూఫ్ పొర, వేసిన వెంటనే నీళ్ళు కట్టి 72 గంటలు నిలపాలి. కింద ఒక్క చెమ్మ మచ్చ కనబడినా ముందుకి వెళ్ళకూడదు, ఎందుకంటే పైన మట్టి పడ్డాక కారుడు ఎక్కడుందో దొరకదు. తర్వాత వేర్లు దిగకుండా హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు, దాని మీద 20 మి.మీ. డ్రెయిన్ బోర్డు, దాని మీద గుడ్డ, ఆ పైన ఆరంగుళాల మట్టి. ఈ మట్టిని నేరుగా గరువులోంచి తెచ్చి పోస్తే తడిసినప్పుడు చదరపు మీటరుకి 300 కిలోలు తూగుతుంది. నాలుగు పాళ్ళు ఎర్రమట్టి, మూడు పాళ్ళు కొబ్బరిపొట్టు, మూడు పాళ్ళు పగిలిన పెంకు ముక్కలు కలిపితే 200కి దిగుతుంది. కొబ్బరిపొట్టు సోంపేట, కవిటి వైపు నుంచి వస్తుంది, ఉప్పు పోయేదాకా రెండు మూడు సార్లు కడిగిందే తీసుకోండి. అంచు చుట్టూ ఒకటిన్నర అడుగు మేర మట్టి వేయకుండా గుండ్రాళ్ళు పరవాలి, తుపాను గాలికి ముందు కొట్టుకుపోయేది అంచు మట్టే. పైన లాన్ గడ్డి వద్దు, దానికి రోజూ నీళ్ళు కావాలి. కొండ మీద పెరిగే గడ్డి విత్తనమే చల్లండి. ఏప్రిల్లో కొండతోపాటే పండుబారుతుంది, జూలైలో కొండతోపాటే పచ్చబడుతుంది. ఆ మార్పే దాని అందం.

నీళ్ళు దిగే నోళ్ళ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే గడ్డికప్పులు పాడయ్యేది అక్కడే. గంటకి 100 మి.మీ. వాన లెక్కన 150 మి.మీ. పైపు ఒకటి సుమారు 125 చదరపు మీటర్ల కప్పు నీళ్ళే లాగుతుందని లెక్కేసుకోండి.  వెయ్యి మీటర్లకి ఎనిమిది పైపులు పెట్టండి. ప్రతి నోటి మీద చిల్లుల డబ్బా, దాని చుట్టూ అడుగు మేర గులకరాయి, పైన చేత్తో తీయగల మూత. పారాపెట్‌కి మట్టి మట్టం నుంచి రెండంగుళాల పైన అడ్డంగా చీలికలు వదలాలి. తుపాను రోజున జీడాకులు వచ్చి నోళ్ళన్నీ మూసేస్తాయి. నాలుగంగుళాల నీరు నిలిస్తే చదరపు మీటరుకి ఇంకో 100 కిలోలు. చీలికలుంటే ఆ నీరు బయటికి దూకుతుంది, స్లాబు మీద కూర్చోదు.

వాననీటి లెక్క చూద్దాం. ఈ ప్రాంతంలో ఏడాదికి సుమారు 1,100 మి.మీ. వాన. గట్టి కప్పు రెండు వేల మీటర్ల నుంచి 85 శాతం చేతికొస్తే 18.7 లక్షల లీటర్లు. ఆఫీసులో మనిషికి రోజుకి 45 లీటర్లు లెక్క, అందులో 20 మరుగుదొడ్లలో పోయడానికే. ఆ 20 శుద్ధి చేసిన నీళ్ళతో సరిపెడితే మంచినీళ్ళు 400 మందికి రోజుకి 10,000 లీటర్లు, 250 పనిదినాలకి 25 లక్షలు. కప్పు నీళ్ళే ముప్పావు వంతు తీరుస్తాయన్నమాట, కానీ కాగితం మీద. వాన ఆరు నెలలు, ఎండ ఆరు నెలలు. వానాకాలంలో వాడగా మిగిలిందంతా నిలవ చేయాలంటే ఆరు లక్షల లీటర్ల పైన తొట్టి కావాలి, దానికి తవ్వే మట్టే కొండని పాడుచేస్తుంది. మూడు లక్షల లీటర్ల తొట్టి కట్టి, మొదటి వాన పది నిమిషాలు బయటికి వదిలి, మిగిలింది నేలలోకి ఇంకించండి. వేసవికి బోరు మీదో పంపు నీళ్ళ మీదో ఆధారపడక తప్పదు, అది ఒప్పుకునే డిజైన్ చేయాలి. అందం కోసం కొత్త కొలను తవ్వుదామని ఎవరైనా అంటే వద్దనండి. భోగాపురం విమానాశ్రయం దగ్గర పక్షుల్ని కొత్త చోటికి పిలిచే పని ఏదీ మంచిది కాదు, కాంటీను చెత్త కూడా మూసే ఉంచాలి. భవనం ఎత్తుకి కూడా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అనుమతి అవసరమో లేదో ముందే చూసుకోండి.

మురుగునీరు రోజుకి 15,000 లీటర్లు వస్తుంది. సెటిలింగు తొట్టి, దాని తర్వాత గదులు గదులుగా ఉండే తొట్టి, చివర కంకరలో మొక్కలు. మొక్కల మడి రెండడుగుల లోతు, మూడు రోజులు నీరు ఉండేలా లెక్కేస్తే సుమారు 190 చదరపు మీటర్లు కావాలి. మెట్టతామర, జమ్ము, తుంగ వేస్తే చాలు. ఇది భవనం కంటే దిగువన, గెడ్డకి దూరంగా పెడితే మోటారు లేకుండా వాలుకే పారుతుంది. పాడయ్యేది రెండు చోట్ల. కాంటీను నూనె కంకరని మూసేస్తుంది, కాబట్టి నూనె పట్టే తొట్టి వారానికోసారి తీయాలి. నీరు లోపలికొచ్చే మొదటి మీటరులో పిడికెడు సైజు రాళ్ళు వేస్తే అవి బయటికి తీసి కడగొచ్చు. రెండోది, మరుగుదొడ్లలో ఫినాయిలూ యాసిడూ గుమ్మరించడం. శుద్ధి చేసే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి, వారంలో వాసన మొదలవుతుంది. హౌస్‌కీపింగ్ కాంట్రాక్టులో ఏ ద్రావకాలు వాడాలో పేర్లతో రాయండి.

రెండు వేల మీటర్ల కప్పులో 1,300 సోలారుకిచ్చి, కిలోవాటుకి పది చదరపు మీటర్లు పట్టుకుంటే 130 కిలోవాట్లు పడతాయి, ఏడాదికి సుమారు 1.8 లక్షల యూనిట్లు. బాగా నీడ ఉన్న భవనం చదరపు మీటరుకి 75 యూనిట్లు వాడినా మొత్తం 4.5 లక్షలు. నలభై శాతమే తీరుతుంది. పార్కింగు మీద ఇంకో వంద కిలోవాట్లు వేయొచ్చు, కానీ ఆ పలకలు కొండ మీదనుంచి మెరుస్తూ కనబడతాయి. పార్కింగుని జీడిచెట్ల మధ్య చిన్న చిన్న ముక్కలుగా చేయడమే నాకు నచ్చిన దారి. సముద్రం దగ్గర కాబట్టి ఫ్రేములకి హాట్‌డిప్ గాల్వనైజింగు 80 మైక్రాన్లకి తగ్గకూడదు, బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ ఉండాలి. పౌడర్ కోటింగు వేసిన మామూలు ఇనుము మూడో ఏటికి పొరలు లేస్తుంది.

గోడలకి నేల నుంచి మూడడుగులు స్థానిక రాతికట్టు, ఆ పైన స్థలంలో తవ్విన ఎర్రమట్టితోనే నొక్కిన ఇటుకలు. మట్టి సరిపోతుందో లేదో సీసా పరీక్షతో మొదటి అంచనా దొరుకుతుంది. పైమట్టి తీసేసి కింద మట్టిని సీసాలో మూడో వంతు పోసి, నీళ్ళూ చిటికెడు ఉప్పూ వేసి బాగా కుదిపి, ఒక రోజు కదపకుండా పెట్టండి. అడుగున ఇసక, మధ్యలో ఒండ్రు, పైన జిగురుమట్టి గీతలుగా తేరతాయి. జిగురు పది, పదిహేను శాతం దగ్గరుంటే 6 నుంచి 8 శాతం సిమెంటుతో మంచి ఇటుక వస్తుంది. పాతిక శాతం దాటితే ఇసక కలపాలి, లేకపోతే ఎండేటప్పుడు పగుళ్ళొస్తాయి. కనీసం 21 రోజులు గోనెపట్టా కింద తడి ఆరకుండా ఉంచాలి. అంత ఓపిక లేకపోతే పరవాడ సింహాద్రి థర్మల్ కేంద్రం బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుకలు వాడి, స్థలం మట్టి కలిపిన ప్లాస్టరు వేయండి, అదీ మంచిదే. రాయిని అంగుళం పలకలుగా కోసి గోడకి అతికించడం మాత్రం వద్దు, తడీ ఎండా మారేకొద్దీ ఊడిపడుతుంది. రంగు విషయంలో పచ్చ పెయింటు ఎప్పుడూ పొరపాటే. ఆకు పచ్చ వెయ్యి రకాలు, డబ్బాలో పచ్చ ఒక్కటే, మైలు దూరం నుంచి పట్టిస్తుంది. మీ నేల ఎర్రమట్టి రంగు, దాని మీద వరండా నీడ, ఈ రెండే కళ్ళని మోసం చేయగలవు. కప్పుకి తెల్ల కూల్ పెయింటు సోలారు పలకల కిందా పారాపెట్ వెనకా వేసుకోండి, మిగతాచోట్ల మట్టిరంగు పెంకు పరవండి.

మొక్కల గోడ కావాలని యాజమాన్యం పట్టుబడితే నేలలో వేరూనిన రాధామనోహరం తీగని గోడకి రెండడుగుల దూరంలో స్టెయిన్‌లెస్ తీగల మీద పాకించండి. చెట్లలో కానుగ, నేరేడు, వేప, పొన్న, పనస. తురాయి, కోనోకార్పస్ లాంటివి తొందరగా పెరుగుతాయని పెడతారు, తుపానుకి దారి మీద అడ్డంగా పడేదీ అవే. అమెరికాలో ఫెడరల్ వే దగ్గర వేయర్‌హౌజర్ కంపెనీ 1971లో కట్టుకున్న హెడ్డాఫీసు ఈ తరహాకి ఇప్పటికీ పాఠం: లోయకి అడ్డంగా పరుచుకున్న మెట్లమెట్ల భవనం, అంచుల వెంట తీగలు. దాని తీగ మన ఎండకి బతకదు, దాని అమరిక మాత్రం చూసి నేర్చుకోవచ్చు.

పని మొదలయ్యే రోజున జేసీబీ మొదట చేసేది పైమట్టిని గుట్టగా తోసి రాళ్ళతో కలిపేయడం. అది జరగకముందే ఆరు నుంచి ఎనిమిది అంగుళాల పైమట్టిని విడిగా తీసి, ఐదడుగులు మించని కుప్పలుగా పోసి, జనుమో జీలుగో చల్లించండి. ఇంకా ఎత్తుగా పోస్తే అడుగున గాలి ఆడక మట్టి చచ్చిపోతుంది. ఉంచాలనుకున్న ప్రతి చెట్టుకీ కొమ్మలు విస్తరించిన మేర కర్రల కంచె వేయించి, లోపల సిమెంటు బస్తాలు పేర్చినా, లారీ తిప్పినా ఎంత కోత పడుతుందో టెండరులోనే రూపాయల్లో రాయండి. చెట్టు కింద మట్టి ఒకసారి అణిగితే చెట్టు ఆ ఏడాది చావదు, మూడో ఏట చస్తుంది, అప్పటికి కాంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్ళిపోయి ఉంటాడు. వానలు దిగకముందే గెడ్డ ఎగువన రాళ్ళ కట్టలు, దిగువన మట్టిని ఆపే గుంట సిద్ధంగా ఉండాలి. మొదటి వానకి చెరువు ఎర్రబడితే ఊరు మర్చిపోదు.

భవనంలోకి దిగాక ఒక తేదీ నిర్వహణ పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. పైన చెప్పిన మూడు తుపాన్లూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. ఏటా సెప్టెంబరు ఆఖరి వారంలో మనుషులు కప్పెక్కి ఎనిమిది నోళ్ళ మూతలూ తీసి ఆకు ఏరాలి, పారాపెట్ చీలికల్లో వేలు పెట్టి చూడాలి, సోలారు క్లాంపుల బోల్టులు స్పానరుతో ఒక్కొక్కటీ బిగించాలి, గోడ పైపుల్లోంచి చివరి వానకి నీరు కారిందో లేదో చూడాలి. ఏదైనా పైపు పొడిగా ఉంటే దాని వెనక నీరు నిలిచి ఉండొచ్చు, ఆ వారంలోనే ఊచ దూర్చి తెరిపించండి.